శవపేటికపై కప్పిన జెండా

మన దక్షిణాఫ్రికాలో జాతీయ జెండాలు లక్షలకొద్దీ ఉన్నవి. బడులమీద ఎగిరేవి, కచేరీలమీద ఎగిరేవి, ఆటల మైదానంలో పిల్లలు ఊపేవి, అన్నిటికీ అవే ఆరు రంగులు. అయినా నెల్సన్ మండేలాగారి శవపేటికపై కప్పిన జెండా వేరు. బట్టలో భేదం లేదు. అది చూసిన దినములలో ఉన్నది భేదం.

1928 నుండి ఈ దేశానికి నారింజ, తెలుపు, నీలం జెండా ఉండేది. ఆ జెండా నీడలోనే మన పెద్దలు ఇళ్ళు, భూములు కోల్పోయారు. సమానమైన ఓటుకు నోచుకోలేదు. కొత్త జెండాకై ప్రజలను కోరగా ఏడువేలకు పైగా నమూనాలు వచ్చినవి గాని ఒక్కటీ కుదరలేదు. తుదకు ఫ్రెడరిక్ బ్రౌనెల్ గీసిన జెండాను తాత్కాలికమని ఒప్పుకొని 1994 ఏప్రిల్ 27న ఎగురవేశారు. ఆనాడే మండేలాగారు మన డర్బన్ సమీపాన, ఇనాండాలోని ఓహ్లాంగె పాఠశాలలో తమ జీవితంలో తొలి ఓటు వేశారు. తాత్కాలికమన్న ఆ జెండానే 1996 రాజ్యాంగం స్థిరపరచింది.

2013 డిసెంబరు 5న ఆయన కన్నుమూశారు. 1994 మే 10న అధ్యక్షునిగా ప్రమాణం చేసిన ప్రిటోరియా యూనియన్ భవనములలోనే డిసెంబరు 11 నుండి మూడు రోజులు ప్రజలు ఆయన కడసారి దర్శనం చేసుకున్నారు. 15న కూను గ్రామంలో అంత్యక్రియలు జరిగినవి. ఆయన వయస్సుకు గుర్తుగా 95 దీపాలు వెలిగించారు. జైలులో తోడున్న అహ్మద్ కత్రాడాగారు గద్గద స్వరంతో మాట్లాడారు. సైనిక మర్యాదలతో జరిగే ఖననంలో జెండాను మట్టిలో కలపరు. పేటికపై నుండి తీసి, మడిచి, అప్పగిస్తారు. మనిషి మట్టిలో కలిసినా జెండా సాక్షిగా మిగులుతుంది.

ఇట్టి వస్తువులకు బజారులో వెల కట్టేవారూ ఉన్నారు. మండేలాగారి రాబెన్ ద్వీపపు జైలుగది తాళంచెవిని 2022 జనవరిలో న్యూయార్కులో వేలం వేయబోగా మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది; వేలం ఆగింది. జాతి వారసత్వ వస్తువులను అనుమతి లేక దేశం దాటించరాదని 1999 నాటి చట్టం చెబుతున్నది.

సేకరించేవారు మొదట అడిగేది ఒక్కటే: ఇది ఆనాటి జెండాయే అనుటకు ఆధారమేమి? పేటికపై కప్పినదా, ఆ వారం సగం దించి ఎగురవేసినదా, దారి పక్కన ఎవరో చేతబట్టినదా? ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చింది? తేదీ వేసిన కాగితం, ఆనాటి ఛాయాచిత్రం తోడుగా లేకపోతే ఎంత గొప్ప జెండా అయినా ఉత్త బట్టే. దాచే పద్ధతి మన ఇంటి ఆడవారికి తెలిసినదే. పట్టుచీరకు అప్పుడప్పుడు మడత మార్చినట్లు దీనికీ మార్చాలి. లేదా చుట్టి ఉంచాలి. ఎండ తగలరాదు, ఉతకరాదు; ఆనాటి దుమ్ము కూడా సాక్ష్యమే.

ఇంత చెప్పుట మన ఇళ్ళ కోసమే. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి వచ్చి ఇక్కడ ఆగింది. 1911 వరకు లక్షా యాభైవేలకు పైగా జనం కూలి ఒప్పందంపై నేటాలుకు వచ్చారు. వారిలో ప్రతివారికీ ఒక సంఖ్య ఇచ్చి ఓడల జాబితాలో వ్రాశారు. వారు తెచ్చుకున్న ఇత్తడి చెంబు, భజన తాళాలు, ఒప్పందపు కాగితం మన పెట్టెలలో ఎక్కడో ఉంటవి. మ్యాగజీన్ బ్యారక్సు నుండి చాట్స్‌వర్తుకు మనవారిని తరలించిన రోజులలో ఎన్ని పోయినవో లెక్క లేదు. మిగిలినవాటి కథ తెలిసిన అవ్వలు, తాతలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

రాజ్యం తన జెండాను జాగ్రత్త చేసుకోగలదు. మన చెంబును కాపాడవలసినది మనమే. ఈ వారమే ఇంట్లో పెద్దలను అడిగి, ఎవరిది, ఏ ఊరునుండి వచ్చింది, ఏ ఎస్టేటులో వాడారు అని ఒక చీటీపై తెలుగులో వ్రాసి, తేదీ వేసి, వస్తువుతో కలిపి కట్టుదాం. పిల్లల చేత కూడా చదివించుదాం.