ఆసుపత్రికి ముందు పదిహేనేళ్ళు

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా 1898 జూన్ 23తో మొదలుపెడతారు. యాభై పడకల ఆసుపత్రి ప్రారంభమైన రోజు అది. ఈ ప్రత్యేక సంచికలో నేను దానికి ముందు గడిచిన పదిహేనేళ్ళ సంగతి రాయదలిచాను. ఊరికి కొత్త, భాషకు కొత్త అయిన ఒక యువ వైద్యురాలు ఆ పదిహేనేళ్ళూ ఇల్లిల్లూ తిరిగి చేసిన చాకిరీయే ఆ ఆసుపత్రికి అసలు పునాది అని నా నమ్మకం.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో పుట్టారు. 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేశారు. ఆడవాళ్ళకు వైద్యవిద్య అందడమే గగనమైన రోజుల్లో డాక్టరుగా ఉద్యోగం, జీతం, గౌరవం అన్నీ ఉన్న మనిషి. అలాంటి సమయంలో మన దేశంలో పనిచేస్తున్న ఏ.డి. రో అనే లూథరన్ మిషనరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలి అవసరం ఉంది, రమ్మని పిలుపు.

ఆమె లూథరన్ మహిళా మిషనరీ సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నారు. వైద్యసేవ చేపట్టే స్థితిలో సంఘం ఇంకా లేదు. బడి పని, ఘోషా స్త్రీలకు ఇళ్ళల్లో చదువు చెప్పే పని మాత్రం ఇవ్వగలమన్నారు. ఆమె సరేనన్నారు. ఈ మాట చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంలో గడిచిపోతుంది, నాకు మాత్రం ఇక్కడ ఆగాలనిపిస్తుంది. కష్టపడి సంపాదించుకున్న విద్యను పక్కన పెట్టమంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆమె మందులపెట్టెతోనే బయల్దేరారు, ఏదో ఒకనాడు సంఘం మనసు మారకపోదన్న ఆశతో.

1883 నవంబరు 29న గుంటూరు చేరేటప్పటికి ఆమె వయసు ఇరవై ఏడు. అప్పటికి గుంటూరు జిల్లా కేంద్రం కాదు, కృష్ణా జిల్లాలో ఒక ఊరు. జిల్లా ఏర్పడింది 1904లో. రైలు ఇంకా రాలేదు. కాలువ మీద పడవ, నేల మీద ఎద్దుబండి, ఆనాటి ప్రయాణాలన్నీ వాటి మీదే. ఫాదర్ హయ్యర్ 1842లో ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి లూథరన్ మిషన్ ఊళ్ళో ఉంది కాబట్టి దొరలూ దొరసానులూ జనానికి కొత్త కాదు. నాడి చూసే దొరసాని మాత్రం కొత్త.

పగలు అప్పగించిన పని ఎటూ తప్పదు. తెలుగు నేర్చుకోక తప్పదు. మన వేసవి సంగతి చెప్పనక్కర్లేదు, పెన్సిల్వేనియా చలిలో పెరిగిన ఒంటికి అది ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. వీటి మధ్యనే రోగులు రావడం మొదలైంది. మొదటి ఏడాది తన బసకు వచ్చిన 185 మందికి, పిలిపించుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మరో 276 మందికి ఆమె వైద్యం చేశారు. వైద్యం ఆమె ఉద్యోగం కాని ఏడాది లెక్క ఇది!

ఈ రెండు అంకెల్లో పెద్దది రెండోది. ఎందుకో ఆనాటి ఇళ్ళు తెలిసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. ఘోషా పాటించే ఇంటి ఆడది జబ్బు చేసినా గడప దాటదు, మగ డాక్టరు లోపలికి రాడు. పురుడు కష్టమైతే మంత్రసాని చేతికి దక్కినంతే. కాబట్టి వైద్యురాలే వెళ్ళాలి. వెళ్ళినా పని సులువు కాదు. అన్యమతస్థురాలు, పైగా పరదేశి, తాకితే మైల. ఆమె ముట్టుకున్న నీళ్ళతో కలిపిన మందు తాగవచ్చా అన్నది ఇంటి పెద్దలకు నిజంగా పెద్ద సమస్య. ఆ రోజుల్లో అరకును సీసాలో పోసి, మోతాదు తెలియడానికి గాట్లు పెట్టిన కాగితం ముక్క అంటించి ఇచ్చేవారు. ఒక గాటు వరకు పొద్దున, ఇంకో గాటు వరకు రాత్రి. చదువురాని ఇల్లాలికి కూడా తెలిసేలా ఈ సంగతి కొత్తగా నేర్చుకున్న తెలుగులో చెప్పాలి, ఆమె నమ్మి తాగేలా చెప్పాలి. నాకు ఆమె పట్టాకంటే ఈ ఓర్పే పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ రెండేళ్ళ పని చూశాక, 1885 డిసెంబరులో సంఘం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1886 ఫిబ్రవరిలో డిస్పెన్సరీ తెరిచారు. 1890లలో నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేయర్ వచ్చి తోడయ్యారు. చందాలు కూడబెట్టి, సొంత ఆసుపత్రి కట్టుకునేసరికి 1898 అయింది. ఆమె వచ్చింది మతప్రచారానికి కూడాను, ఆ విషయం ఎన్నడూ దాచలేదు. వైద్యం మాత్రం అన్ని కులాలకూ అన్ని మతాలకూ అందింది.

దానికి సాక్ష్యం ఒక సత్రం. ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహద్దరు తమ కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర దాన్ని కట్టించి ఇచ్చారు. రోగి వెంట వచ్చిన హిందూ కుటుంబాలు తమ ఆచారం ప్రకారం వండుకు తింటూ అక్కడ ఉండేవారు. ఒకప్పుడు మందునీళ్ళకే జంకిన సమాజంలో, ఆసుపత్రి పక్కనే పొయ్యి రాజేసుకునే చనువు వచ్చింది. 1905లో ప్రభుత్వం ఇచ్చిన కైసర్-ఎ-హింద్ పతకం కన్నా ఈ సత్రమే గొప్ప సత్కారమంటాను.

ఆమె 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. తర్వాత ఆసుపత్రి ఆమె పేరునే పెట్టుకుంది. ఆ పేరు నిలవడం న్యాయమే. అయితే కొత్త డాక్టరమ్మను వీధి వీధికీ తీసుకెళ్ళినవారు, ఆమె మాట రోగికీ రోగి మాట ఆమెకూ అర్థమయ్యేలా చెప్పినవారు, మందులు నూరినవారు, రాత్రివేళ లాంతరు పట్టి వెంట నడిచినవారు మన తెలుగువాళ్ళే కదా. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. కనుక పాఠకులకు నా విన్నపం: మీ తాతమ్మలో, అమ్మమ్మలో ఆ ఆసుపత్రిలో నర్సుగానో ఆయాగానో బైబిల్ స్త్రీగానో పనిచేసి ఉంటే, పాత ఫొటో, సర్టిఫికెట్, ఉత్తరం, కనీసం విన్న ఒక జ్ఞాపకం ఏదున్నా పేరుతో సహా రాసి ఆసుపత్రికి అందజేయండి. వచ్చే సంచికలో ఆ పేర్లూ అచ్చు కావాలి.