ఆకుపచ్చ జంటకు నీలం పిల్ల ఎలా పుట్టింది? – లవ్ బర్డ్స్ రంగుల చరిత్ర

మన వ్యాసర్పాడిలో మేడల మీద పంజరం, అందులో మట్టి కుండలు, కిచకిచలాడే లవ్ బర్డ్స్ చాలామంది చూసే ఉంటారు. మనం లవ్ బర్డ్స్ అనే ఈ చిట్టి చిలుకల అసలు పేరు బడ్జెరిగార్. వీటిని పెంచేవాళ్లకు ఒక సందేహం తప్పకుండా వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆకుపచ్చే, మరి కుండలో నీలం పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది? కొందరు మేత తేడా అంటారు, కొందరు దిష్టి అంటారు, కొందరు అమ్మినవాడు మోసం చేశాడంటారు. అసలు జవాబు చరిత్రలో ఉంది.

ఈ పక్షుల సొంత దేశం ఆస్ట్రేలియా. అక్కడి అడవి పక్షులన్నీ దాదాపు ఆకుపచ్చవే. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. 1880 ప్రాంతంలో బెల్జియంలో నీలం పిల్లలు పుట్టాయి. 1910లో అవి లండన్ ప్రదర్శనకు వచ్చాయి. 1920లలో జపాన్‌లో నీలం జంటలంటే పెద్ద మోజు పుట్టి, ధరలు ఆకాశాన్నంటాయి. అప్పుడు అందరికీ ఒకటే ప్రశ్న: ఏ జంటను కలిపితే నీలం వస్తుంది?

దీనికి తాళంచెవి మెండెల్ అప్పటికే ఇచ్చాడు. బఠాణీ మొక్కల మీద ఆయన రాసిన వ్యాసం 1866లో అచ్చయినా, 1900 దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ సూత్రాలను జర్మనీలోని బ్రెమెన్ నగరంలో హాన్స్ డుంకర్ అనే స్కూలు టీచరు ఈ చిలుకలకు అన్వయించి, ఏ జంటకు ఏ రంగు పిల్లలు వస్తాయో లెక్క కట్టాడు.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రంగు గుణం వస్తుంది. రెండూ నీలానివైతేనే పిల్ల నీలం. ఒక్కటి ఆకుపచ్చదైనా చాలు, పిల్ల ఆకుపచ్చగానే కనబడుతుంది, నీలం లోపల దాగుంటుంది. అలాంటి పక్షిని పెంపకందార్లు స్ప్లిట్ అంటారు. రెండు స్ప్లిట్‌లను కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నీలం. స్ప్లిట్‌కు నీలాన్ని కలిపితే సగం నీలం. అయితే సగటు అంటే హామీ కాదు సుమా! రెండు స్ప్లిట్‌లకు నాలుగేసి పిల్లలున్న వంద గూళ్లు చూస్తే, సుమారు 32 గూళ్లలో ఒక్క నీలం పిల్లా ఉండదు.

2017లో శాస్త్రజ్ఞులు ఆ గుణం ఏదో కూడా కనిపెట్టారు. ఈకలో పసుపు రంగు తయారుచేసే ఒక జన్యువులో చిన్న మార్పు వచ్చింది. పసుపు పోతే ఆకుపచ్చలో మిగిలేది నీలమే కదా!

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ పక్షుల రంగులు ఇంత చక్కగా లెక్కకట్టిన అదే డుంకర్, మనుషులనూ అలాగే ఏరాలన్న నాజీల జాతి సిద్ధాంతాన్ని సమర్థించాడు. 1933లో జర్మనీలో వచ్చిన చట్టం కింద, వంశంలో జబ్బు ఉందని చెప్పి సుమారు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. నిజానికి స్ప్లిట్ పక్షే దీనికి జవాబు చెబుతుంది. పైకి కనబడని గుణాలు అందరిలోనూ దాగి ఉంటాయి. మరి ఎవరిని ఏరతారు?

జె.బి.ఎస్. హాల్డేన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు 1938లోనే ఇలాంటి వాదాలను విమర్శిస్తూ పుస్తకం రాశాడు. 1957లో ఆయన మన దేశానికే వచ్చేశాడు. ఆయన దగ్గర కలకత్తాలో చేరిన తెలుగువాడు కృష్ణ ద్రోణంరాజు. మీరా ఖాన్‌తో కలిసి ఆయన ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద 1960లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. మేనరికంలో ఇద్దరిలోనూ ఒకే గుణం దాగి ఉండే అవకాశం ఎక్కువ. అందుకే దాగిన జబ్బు పిల్లల్లో బయటపడవచ్చు. నీలం పిల్ల పుట్టే సూత్రమే ఇది! కానీ ఇక్కడ దాన్ని వాడింది మనుషులను ఏరడానికి కాదు, వాళ్లను అర్థం చేసుకోవడానికి.

కాబట్టి చిలుకలు పెంచే మిత్రులారా, ఏ జంటకు ఏ పిల్ల పుట్టిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రంగు కోసం ఒకే గూటి అన్నాచెల్లెళ్లను కలపకండి, దానివల్ల బలహీనమైన పిల్లలు పుట్టవచ్చు. నీలం పిల్ల పుడితే ఎవరినీ తిట్టకండి. ఆ రంగు తాతల నుంచి దాక్కుని వచ్చింది, అంతే.