నురగకు తగ్గ పాత్ర

సివిల్స్ చదువుకోవడానికి ఢిల్లీ వెళ్లిన తెలుగు పిల్లల్లో చాలామందికి బేర్ సరాయ్ తెలుసు. పాత జేఎన్‌యూ ప్రాంగణం పక్కన, ఐఐటీకి దగ్గర్లో, పోటీ పరీక్షల పుస్తకాలతో, జిరాక్స్ దుకాణాలతో కిక్కిరిసిన చిన్న వాడ అది. మొదటిసారి విన్న తెలుగు చెవికి ఆ పేరులో బీరూ సారాయీ రెండూ వినబడతాయి. కానీ హిందీలో బేర్ అంటే రేగుపండు, సరాయ్ అంటే బాటసారుల విడిది. జియా సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్... దక్షిణ ఢిల్లీలో ఈ పేర్లన్నీ ప్రయాణికులు ఆగి అలుపు తీర్చుకున్న కాలాన్ని గుర్తుచేసేవే.

అసలు బీరు సంగతికొస్తే, బేర్ సరాయ్ నుంచి మెహ్రోలీ మీదుగా దక్షిణానికి సాగితే గుర్గావ్ వస్తుంది. బీరును ఉన్నచోటే తయారుచేసి అక్కడే పోసే మైక్రోబ్రూవరీలు మన దేశంలో తొలిగా వేళ్లూనుకున్న ఊళ్లలో అదొకటి. 2000ల చివర్లో అవి మొదలైనప్పుడు బీరుతో పాటు కొత్త గ్లాసులూ బల్లమీదికి వచ్చాయి. గోధుమ బీరుకు పొడుగాటిది, ఘాటైన బెల్జియం బీరుకు తులిప్ పువ్వులాంటిది. ఇదంతా పైపై హంగేనని కొందరంటారు. అది తొందరపాటు మాట. ఏ పానీయానికి ఏ పాత్ర అన్న ఎంపిక వెనుక పెద్ద చరిత్రే ఉంది.

ఐరోపాలో శతాబ్దాల తరబడి సామాన్యుడు బీరు తాగింది గాజులో కాదు. కొయ్య, తోలు, మట్టి, తగరం కలిసిన ప్యూటర్ లోహం, ఇవే అతని పాత్రలు. అప్పటి బీరు ఎక్కువగా ముదురు రంగులో, మడ్డిగా ఉండేది కాబట్టి లోపల ఏముందో చూడాలన్న కోరికా పెద్దగా ఉండేది కాదు. కొలత మీద మాత్రం అందరి కన్నూ ఉండేది. 1698లోనే ఇంగ్లండు పార్లమెంటు ముద్ర వేసిన కొలపాత్రలోనే బీరు అమ్మాలని చట్టం చేసింది. అక్కడ పైంట్ అంటే నేటికీ 568 మిల్లీలీటర్లు. మన దుకాణంలో పైంట్ అడిగితే 330 మిల్లీలీటర్ల సీసా చేతికొస్తుంది. పేరు సముద్రం దాటినా కొలత దాటలేదు.

గాజుకు మంచి రోజులు రావడానికి రెండు సంఘటనలు కారణం. 1842లో బొహీమియాలోని పిల్‌సెన్ పట్టణంలో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు బంగారు రంగులో తేటగా మెరిసే బీరు తీశాడు. మూడేళ్లకే, 1845లో, వంద సంవత్సరాలుగా గాజుమీద పిండుతున్న పన్నును బ్రిటన్ ఎత్తేసింది. ఆ పన్ను బరువును బట్టి ఉండేది కాబట్టి గాజు వస్తువు సామాన్యుడికి అందేది కాదు. ఒకవైపు చూడదగ్గ బీరు పుట్టింది, మరోవైపు చూపించగల పాత్ర చౌకైంది. పిల్స్‌నర్‌ను ఈనాటికీ సన్నగా నిలువెత్తుగా ఉన్న గ్లాసులో పోయడం ఆ తేటదనాన్నీ పైకి ఎగసే బుడగలనూ చూపడానికే.

తెలుగునేలకు పాత్రల పట్టింపు కొత్త కాదు. కల్లును చూడండి. చెట్టుమీద లొట్టి అనే కుండలో ఊరుతుంది. కిందికి దిగాక ముంతలోకో, ఎండిన సొరకాయ బుర్రలోకో, మోదుగాకు డొప్పలోకో వస్తుంది. తాటాకును పడవలా మడిచి రెండు చేతులా నోటికి ఆనిస్తే, పైనుంచి గీత కార్మికుడు వంచుతాడు. పాలలా తెల్లగా, మసకగా ఉండే పానీయం ఇది. లోపలికి చూడాల్సిన పనిలేదు కాబట్టి గాజుతో అవసరమే రాలేదు. పైగా గీసిన గంటల్లోనే పులుస్తూ పొంగుతూ ఉంటుంది. మూత బిగించిన సీసా దానికి శత్రువు, నోరు తెరిచిన పాత్ర దానికి నేస్తం. ఆకు తన పచ్చి వాసనను కొంత కల్లుకు ఇస్తుంది. వాడి పారేస్తారు కాబట్టి పాత జిడ్డు సమస్యే లేదు. పానీయానికి తగ్గ పాత్రకు ఉండాల్సిన గుణాల్లో కొన్ని ఈ డొప్పకు ముందునుంచే ఉన్నాయి.

పాత్రే లేని తాగుడునూ ఈ నేల చూసింది. 1980ల్లో వారుణి వాహిని పథకం కింద ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేసింది. మూల కొరికి గొంతులో పిండుకోవడమే. చూసేది లేదు, వాసన పీల్చేది లేదు, పక్కవాడితో మాట కలిపేంత వ్యవధీ లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎదురుతిరిగింది ఆ ప్యాకెట్ తెచ్చిన చేటు మీదే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. గ్లాసు తాగుడును మంచిపని చేయదు. కానీ పాత్ర తాగేవాణ్ని నిదానింపజేస్తుంది, ప్యాకెట్ తొందరపెడుతుంది. ఈ తేడా చిన్నది కాదు.

ఇక మైక్రోబ్రూవరీల్లో పోసే క్రాఫ్ట్ బీరు గ్లాసుల్లో తెలుసుకోవలసింది నిజానికి కొద్దే. అరలీటరు గోధుమ బీరు గ్లాసు పైభాగం వెడల్పుగా ఉండేది దట్టమైన నురగకు చోటివ్వడానికి. తులిప్ గ్లాసు నడుము ఉబ్బి, మెడ దగ్గర సన్నబడి వాసనను పట్టి ఉంచుతుంది. ఇంగ్లండు పబ్బుల్లో అంచుకు కాస్త కింద ఉబ్బుండే నోనిక్ గ్లాసు అందం కోసం పుట్టలేదు. ఒకదానిలో ఒకటి పేర్చితే ఇరుక్కోకుండా, అంచులు చిట్లకుండా చేసిన ఏర్పాటది.

ఆకారం కన్నా ముఖ్యమైనది శుభ్రత. బార్లీ నుంచి వచ్చే మాంసకృత్తులు, హాప్స్ పువ్వుల చేదు పదార్థాలు కలిసి నురగను నిలబెడతాయి. కాస్త జిడ్డు తగిలితే చాలు, ఆ నురగ కూలిపోతుంది. మజ్జిగ తాగి పైపైన తొలిచిన గ్లాసులో ఎంత ఖరీదైన బీరు పోసినా నీరసంగానే కనిపిస్తుంది. తడి గ్లాసులో ఉప్పు చల్లితే గుట్టు తెలుస్తుంది: శుభ్రమైన గాజుకు ఉప్పు అంతటా సమంగా అంటుకుంటుంది, జిడ్డున్నచోట అంటదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన మగ్గు కూడా మేలు చేయదు. మితిమీరిన చలికి వాసన ముడుచుకుపోతుంది.

తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లోనూ ఈ గ్లాసులు కనిపిస్తున్నాయి. 2023 మేలో నెక్లెస్ రోడ్డులో పులియని కల్లు అమ్మే నీరా కేఫ్ తెరుచుకుంది. విదేశీ బీరుకు దాని గ్లాసు వెతికి తెప్పించే ఊళ్లో ప్లాస్టిక్ గ్లాసులో కల్లు పోయడం మాత్రం ఒప్పుకోదగ్గ సంగతి కాదు. కల్లు మండువ నడిపేవాళ్లు డొప్పను మళ్లీ తేవాలి, తాగేవాళ్లు అడిగి మరీ తెప్పించుకోవాలి. మోదుగ చెట్లకు తెలంగాణలో కొదవ లేదు. డొప్ప కుట్టడానికి కావలసింది ఒకటి రెండు ఆకులు, ఒక పుల్ల.