వెంటపడటం నేరమని చట్టానికి ఎప్పుడు తెలిసింది?

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతా. స్టాకింగ్‌ని తెలుగులో ఏమంటారు?

స్క్రిప్ట్ రాసేటప్పుడు ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి అడిగా. ఒకడు "వెంటపడటం" అన్నాడు. ఇంకొకడు "లైన్ వేయడం కదరా" అన్నాడు. ఇద్దరూ నవ్వుతూనే చెప్పారు. వాళ్ల తప్పు కూడా కాదులెండి. మన సినిమాల్లో హీరో ఇంటర్వెల్ దాకా చేసే పని అదే, క్లైమాక్స్‌లో అదే అమ్మాయితో పెళ్లి. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ మాట వేట నుంచి వచ్చింది. జంతువుకి తెలియకుండా దాని వెనకాల నక్కి నక్కి వెళ్లడాన్ని స్టాకింగ్ అంటారు. ఒకే పనికి ఒక భాషలో వేట పేరు, ఇంకో భాషలో ప్రేమ పేరు. ఈ పేరు గొడవ వల్ల మనుషుల ప్రాణాలు పోయాయి. ఈ రోజు కథ అదే.

1995కి వెళ్దాం. ఢిల్లీ యూనివర్సిటీలో లా చదువుతున్న ప్రియదర్శిని మట్టూ అనే అమ్మాయి. కశ్మీరీ పండిట్ కుటుంబం. అదే లా సెంటర్‌లో చదివిన ఒక సీనియర్ ఆమె వెంటపడ్డాడు. అతని పేరు సంతోష్ కుమార్ సింగ్, ఒక పోలీసు ఉన్నతాధికారి కొడుకు. ఆమె వద్దంది. అతను ఆగలేదు. రోడ్డు మీద ఆమె కారు వెనకాల వచ్చేవాడు, ఫోన్లు చేసేవాడు, ఇంటి దాకా వచ్చేవాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ అమ్మాయి నోరు మూసుకుని కూర్చోలేదు. ఒకసారి కాదు, ఆ ఒక్క ఏడాదిలోనే చాలాసార్లు పోలీసులకి ఫిర్యాదు చేసింది. ప్రతిసారీ ఏమైందంటే, అతన్ని పిలిచి మాట్లాడటం, ఇక వేధించనని రాయించుకోవడం, పంపించేయడం. ఆమెకు సెక్యూరిటీగా ఒక కానిస్టేబుల్‌ని కూడా ఇచ్చారు. అతను ఇంకో పని చేశాడు. ఈమె రూల్స్‌కి విరుద్ధంగా ఒకేసారి రెండు కోర్సులు చదువుతోందని యూనివర్సిటీకే ఫిర్యాదు పెట్టాడు. ఆమెకు షోకాజ్ నోటీసు వచ్చింది. వెంటపడటం అంటే రోడ్డు మీద నడవడమే అనుకుంటాం కదా. ఆమె చదువు వెంట కూడా పడ్డాడు.

1996 జనవరి 23న వసంత్ కుంజ్‌లోని ఇంట్లో ఆమెను అత్యాచారం చేసి చంపేశారు. ఆమెకు 25 ఏళ్లు. ఆ టైమ్‌లో కానిస్టేబుల్ ఆ ఇంట్లో లేడు.

1999లో ట్రయల్ కోర్టు అతన్ని వదిలేసింది. హత్య చేసింది ఇతనే అని తనకు తెలుసంటూనే, దర్యాప్తు లోపాల వల్ల సందేహం కింద వదిలేస్తున్నానన్నారు జడ్జి. దేశమంతా గొడవైంది. 2006లో ఢిల్లీ హైకోర్టు మరణశిక్ష వేసింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. తీర్పుల గురించి ఇంతకంటే మాట్లాడను, ఎందుకంటే ఈ కేసు అనగానే అందరూ తీర్పుల గురించే మాట్లాడతారు. నాకు కావాల్సింది 1995. ఆ ఏడాదంతా ఆమె చెబుతూనే ఉంటే వ్యవస్థకు ఎందుకు వినపడలేదు?

నేను నాలుగేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్‌లో పనిచేశా. సర్వర్ పడిపోయే ముందు లాగ్స్‌లో వార్నింగ్స్ వస్తుంటాయి. ఒక్కో లైన్ విడిగా చూస్తే ఏమీ ఉండదు, ఇగ్నోర్ చేసేస్తాం. వాటన్నిటినీ టైమ్ ప్రకారం వరుసగా పెట్టి చూసినవాడికే మ్యాటర్ అర్థమవుతుంది. మన ఐపీసీ 1860 నాటిది. అందులో సెక్షన్ 354 ఉంది, ఒంటి మీద చెయ్యి వేస్తే గానీ, బలప్రయోగం చేస్తే గానీ అది పనిచేయదు. 509 ఉంది, అది అసభ్యమైన మాటకీ సైగకీ. అంటే చట్టానికి ఒక్కో లైన్ చదవడం వచ్చు, లాగ్ మొత్తం చదవడం రాదు. రోడ్డు మీద వెనకాల రావడం నేరం కాదు. ఫోన్ చేయడం నేరం కాదు. ఇంటి ముందు నిలబడటం నేరం కాదు. ఇవన్నీ ఒకే మనిషి, ఒకే అమ్మాయికి, నెలల తరబడి చేస్తే? దానికి పేరే లేదు.

అలా మొత్తాన్ని కలిపి చదివే చట్టం ముందుగా అమెరికాలోని కాలిఫోర్నియాలో వచ్చింది, 1990లో. అక్కడా ప్రాణం పోయాకే. 1989లో రెబెకా షాఫర్ అనే యువ నటిని, కొన్నేళ్లుగా ఆమె మీద పిచ్చి పెంచుకున్న ఒక అభిమాని ఇంటికొచ్చి కాల్చేశాడు. ఒక ప్రైవేట్ డిటెక్టివ్‌కి డబ్బులిచ్చి, వాహనాల రికార్డుల నుంచి ఆమె అడ్రస్ తీయించుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే డేటా లీక్. కొన్నేళ్లలోనే మిగతా రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

సినిమా వాళ్ల వెంట పిచ్చి అభిమానులు పడటమే స్టాకింగ్ అని అప్పట్లో అనుకున్నారు. ఆ భ్రమ 1999లో పోయింది. పది అమెరికా నగరాల్లో భర్తల చేతిలో, ప్రియుల చేతిలో, మాజీల చేతిలో చనిపోయిన ఆడవాళ్ల కేసులు తీసి చూశారు. చనిపోవడానికి ముందు ఏడాదిలో 76 శాతం మందిని అదే మనిషి వెంటాడాడు. హత్యాయత్నం నుంచి బతికి బయటపడినవాళ్లలో అయితే 85 శాతం. వెంటపడే ప్రతివాడూ చంపుతాడని దీని అర్థం కాదు, అలా చదవకండి. చంపినవాళ్లలో ఎక్కువమంది ముందు వెంటపడ్డారు అని అర్థం.

మన దగ్గర అప్పటికి ఏ మాట వాడుతున్నాం? ఈవ్ టీజింగ్. ఆటపట్టించడం అట. 1998లో చెన్నైలో సారికా షా అనే కాలేజీ అమ్మాయి ఇలాంటి వేధింపుల్లోనే చనిపోయింది. తమిళనాడు వెంటనే చట్టం తెచ్చింది. దాని పేరు కూడా ఈవ్ టీజింగ్ నిషేధ చట్టమే. ఆ మాట తీసేసి మహిళల వేధింపు అని తర్వాత మార్చుకున్నారు.

తర్వాత వరంగల్. 2008 డిసెంబర్ 10. స్కూటీ మీద వెళ్తున్న ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ప్రేమను కాదన్నదని ఒకడికి కోపం. వాడితో పాటు ఇంకో ఇద్దరు. డిసెంబర్ 13న ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. నేనప్పుడు ఆరో తరగతి. పోలీసులకి దండలు వేస్తున్నది టీవీలో చూసి మేమూ చప్పట్లు కొట్టాం. ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరుకే చనిపోయారని నాకు ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఆ కేసు మనకి ఎన్‌కౌంటర్ కథగా గుర్తుండిపోయింది. దానికి ముందు ఏం జరిగింది, ఎవరికి తెలుసు, ఎవరు నవ్వి ఊరుకున్నారు అనేది ఎవరూ అడగలేదు.

2012 డిసెంబర్ 16, ఢిల్లీ బస్సు ఘటన మీ అందరికీ తెలుసు. దాని తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ వేశారు. 29 రోజుల్లో రిపోర్ట్ ఇచ్చేశారు. ఇచ్చిన తేదీ 2013 జనవరి 23. మట్టూ చనిపోయి సరిగ్గా 17 ఏళ్లు. కావాలని పెట్టిన తేదీ కాదు గానీ, నాకు మాత్రం కళ్లు అక్కడే ఆగిపోయాయి. స్టాకింగ్‌ని విడిగా నేరం చేయాలని అందులో చెప్పారు. అలా వచ్చిందే 354డి.

పార్లమెంటులో చర్చ కూడా చూడండి. 2013 మార్చి 19న లోక్‌సభలో శరద్ యాదవ్ లేచి, మనలో అమ్మాయిల వెంటపడనివాళ్లు ఎవరున్నారు అన్నట్టు మాట్లాడారు. సభలో నవ్వులు. నా ఫ్రెండ్స్ ఫోన్‌లో నవ్విన నవ్వే. చివరికి మొదటిసారి చేస్తే మూడేళ్ల వరకు జైలు, కానీ బెయిల్ వస్తుంది. మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు, బెయిల్ కష్టం. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా పదే పదే వెంటపడటం, కాంటాక్ట్ చేయడం నేరం. అమ్మాయి ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ ఎలా వాడుతోందో నిఘా పెట్టడం కూడా నేరమే.

ఈ రెండో ముక్క దగ్గర నేను ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని వారం ఆలోచించా.

2016, నేను బీటెక్ థర్డ్ ఇయర్. నా రూమ్‌మేట్‌కి ఒక జూనియర్ అంటే ఇష్టం. ఆమె వద్దని మొహం మీదే చెప్పింది, నా ముందే చెప్పింది. వాడు బాధపడుతుంటే నేను ఒక చిన్న స్క్రిప్ట్ రాసిచ్చా. ఆమె వాట్సాప్‌లో ఎప్పుడు ఆన్‌లైన్‌కి వచ్చింది, ఎప్పుడు పోయింది అనేది ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. నెంబర్ ల్యాబ్ గ్రూప్ షీట్ నుంచి నేనే తీశా. నా మొదటి ఆటోమేషన్ అది, ఫ్లోర్ అంతా పిలిచి చూపించా. ఒక్కడు కూడా తప్పురా అనలేదు. రాత్రి రెండింటి దాకా ఎవరితో మాట్లాడావని వాడు ఆమెకు మెసేజ్ పెట్టాక ఆమె నెంబర్ మార్చేసింది. తర్వాతి సెమిస్టర్ నుంచి కాలేజీ బస్సు మానేసింది, వాళ్ల నాన్న బండి మీద దించి వెళ్లేవారు. గేటు దగ్గర ఆయన్ని నేను చాలాసార్లు చూశా. అప్పటికి చట్టం వచ్చి మూడేళ్లు. నేను రాసింది ఫ్రెండ్‌కి హెల్ప్ అనే అనుకున్నా.

ఇప్పుడు ఐపీసీ లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇది సెక్షన్ 78, శిక్షలు అవే. ఇందులో బాధితురాలు అంటే స్త్రీ మాత్రమే. అబ్బాయిల వెంటపడే వాళ్లు లేరా అని అడిగితే, ఉంటారు, ఆ సెక్షన్ మాత్రం వాళ్లకి రాదు.

మీకే జరుగుతుంటే, వద్దు అని ఒక్కసారి రాతపూర్వకంగా మెసేజ్ పెట్టండి. కోపంతో చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు, తేదీ, టైమ్, చోటు అన్నీ వరుసగా రాసుకోండి. ఆ లాగ్ మీ దగ్గర ఉండాలి. అర్జెంట్ అయితే 112, మహిళా హెల్ప్‌లైన్ 181. ఏ స్టేషన్‌కైనా వెళ్లి జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు, మా పరిధి కాదని పంపేయడానికి లేదు. హైదరాబాద్‌లో అయితే 2014 అక్టోబర్ నుంచి షీ టీమ్స్ ఉన్నాయి.

మీ రూమ్‌లో ఎవడైనా ఒక నెంబర్ కావాలి, ఒక ఐడీ వెతికిపెట్టు, బస్ టైమింగ్ కనుక్కో అని అడిగితే, అడిగింది 2016లో నన్ను అడిగినట్టే అనుకోండి. ఆ ఎపిసోడ్ చేసింది నేను. వచ్చే వారం యాసిడ్ అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన ఆదేశాల గురించి మాట్లాడదాం. ఉంటాను.