బడికి సెలవు, అమ్మకి లేదు

ఏప్రిల్ మూడోవారం వచ్చిందంటే ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ మాటల్లో ఒక కొత్త లెక్క వినబడుతుంది. ఇ.ఎల్. ఎన్ని మిగిలాయి, అత్తగారు ఎప్పుడొస్తారు, అమ్మ దగ్గరికి పంపితే ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది, పక్కింటి పిన్నిగారిని మధ్యాహ్నంపూట పిల్లల మీద ఓ కన్నేసి ఉంచమంటే ఏమనుకుంటుంది... ఇవీ ఆ లెక్కలు. పిల్లలూ రోజులు లెక్కపెడతారు. కాకపోతే వాళ్ళది సంతోషంతో పెట్టే లెక్క, వీళ్ళది గుండెదడతో పెట్టే లెక్క.

"అసలీ సెలవులు ఎత్తేస్తే పీడా పోతుంది కదండీ" అంటుంది ఒకావిడ. "మండుటెండల్లో పిల్లల్ని చంపుతారా?" అంటుంది ఇంకొకావిడ. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కానీ ఇద్దరూ ఒక ప్రశ్న వదిలేస్తున్నారు. ఈ సెలవుల్ని ఎవరు పెట్టారు? ఎవరి సదుపాయం చూసి పెట్టారు?

మన పూర్వులు సెలవు ఇచ్చింది చదువు కోసమేనంటే నవ్వొస్తుందేమో. వేదం చదివే కుర్రాడికి అమావాస్యా పౌర్ణమీ, రెండు అష్టములూ, రెండు చతుర్దశులూ, రెండు పాడ్యములూ పుస్తకం జోలికి పోకూడని రోజులు. అనధ్యయన దినాలన్నారు వాటిని. అమావాస్యనాడు చదివితే గురువుకి ముప్పట, చతుర్దశినాడైతే శిష్యుడికట, అష్టమీ పౌర్ణమీ అయితే నేర్చిందే పోతుందట. మనుస్మృతి చెప్పిన మాట ఇది. అంతటితో ఆగలేదు. దుమ్ము రేగినా, నక్క కూసినా, కుక్క మొరిగినా, ఆఖరికి గాడిద ఓండ్ర పెట్టినా చదువు ఆపాల్సిందే! గాడిదలున్న వీధిలో గురుకులం పెట్టుకున్న శిష్యులు అదృష్టవంతులు. లంకలో చిక్కి శల్యమైన సీతమ్మ ఎలా ఉందో చెప్పడానికి హనుమంతుడికి దొరికిన పోలిక కూడా ఇదే, పాడ్యమినాడు చదివేవాడి విద్య.

తిథులు లెక్కవేసి చూడండి, నెలకి ఎనిమిది రోజులు తేలుతాయి. ఇప్పటి శని ఆదివారాలు కలిపితే ఎన్నో అన్నే. మొత్తం తేడా లేదు గానీ, వరసగా నెలన్నర సెలవు అనే మాట ఆ పద్ధతిలో లేదు.

తరవాత వీధిబడులు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్కలు పంపమన్నాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన జవాబు అన్నిటికన్నా వివరంగా ఉంది. ధరంపాల్ 1983లో అచ్చువేసిన పుస్తకంలో ఆ జవాబుల్ని చదవొచ్చు. ఆ జిల్లాలో తెలుగూ కన్నడమూ రెండూ చెప్పేవారు. పొద్దున్న ఆరింటికి బడి. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనకొచ్చేవాడికి ఇంకొకటి... ఇలా పెరుగుతూ పోయేవి. పిల్లల్ని తెల్లారకుండా లేపడానికి ఆ తల్లులు గడియారం అలారం పెట్టుకోనక్కర్లేదు! జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? అరవై. ఏ రోజు సెలవిచ్చినా ఇల్లు తాళం పెట్టి ఉండే అవకాశమే లేదు. అమ్మ ఇంట్లోనే ఉండేది, అక్కా ఇంట్లోనే ఉండేది.

ఇంక తెల్లవాళ్ళ సంగతి. వేసవి సెలవులు పొలం పనుల కోసం పెట్టారనీ, రైతుల పిల్లలు కోతలకి వెళ్ళేవారనీ చాలామంది చెబుతుంటారు. వినడానికి బాగుంది గానీ అమెరికా చరిత్ర మరో మాట చెబుతోంది. అక్కడ రైతుకి పిల్లల చేతులు కావలసింది విత్తనాలప్పుడూ కోతలప్పుడూ, అంటే వసంతంలోనూ శరత్తులోనూ. అందుకని పల్లె బడులు చలికాలంలోనూ వేసవిలోనూ నడిచేవి. పట్నాల్లో బడులైతే 1840లలో ఏడాదికి 240 రోజులకి పైనే నడిచాయి. ఇప్పుడు అక్కడ మామూలు లెక్క 180. మరి వేసవి సెలవు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎండకి ఉడికిపోయే ఊళ్ళల్లోంచి డబ్బున్న కుటుంబాలు కొండలకీ సముద్రాలకీ వెళ్ళిపోయేవి, తరగతులు ఖాళీ అయ్యేవి. ఎక్కువ చదివితే పిల్లల మెదడు అలసిపోతుందని డాక్టర్లు భయపెట్టారు. బడి మూయక తప్పలేదు. కలిగినవాళ్ళ ప్రయాణాలని బట్టి అందరి పిల్లలకీ సెలవు వచ్చిందన్నమాట.

మన దేశంలో దొరలు చేసిందీ ఇలాంటిదే. 1864 నుంచి ప్రభుత్వమే కలకత్తా వదిలి వేసవికి సిమ్లా ఎక్కింది. మద్రాసు ప్రభుత్వం 1870 నుంచి ఉదకమండలం చేరింది. ఫైళ్ళూ బంట్రోతులూ సహా! ఎండ అందరికీ ఒకటే అయినా, ఎండకి సెలవు పెట్టుకోగలిగే హక్కు కొందరికే ఉండేది.

పేదవాళ్ళ సెలవు వేరే రకం. లండన్ తూర్పు పేటల ఆడవాళ్ళు ఏటా సెప్టెంబరులో పిల్లల్ని వెంటబెట్టుకుని కెంట్ పొలాలకి వెళ్ళేవారు. బీరుకి చేదు రావడానికి వేసే హాప్ అనే పూగుత్తులు కోయడం పని. పాకల్లో గడ్డి మీద పడక. దానికే హాలిడే అని పేరు! ఏడాదంతా పొగలో బతికేవాళ్ళకి ఆ నాలుగు వారాల గాలే మందు. స్కాట్లండులో అక్టోబరు సెలవుని ఇప్పటికీ బంగాళాదుంపల సెలవంటారు. ఒకప్పుడు బడి మూసింది పిల్లలు దుంపలు ఏరడానికే.

అయితే ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది లాంకషైర్ కథ. బట్టల మిల్లుల ఊళ్ళు అవి. బర్న్‌లీ, బ్లాక్‌బర్న్, ఓల్డామ్... మగ్గాల దగ్గర పెళ్ళయిన ఆడవాళ్ళు వేలమంది పనిచేసేవారు. ఆ ఊళ్ళల్లో చర్చి తిరునాళ్ళని వేక్స్ అనేవారు. మిల్లులు వచ్చాక యజమానులు ఎంత బెదిరించినా తిరునాళ్ళనాడు జనం పనిలోకి రాకపోవడంతో, చివరికి ఊరి మిల్లులన్నీ ఒకే వారం మూసెయ్యడం మొదలుపెట్టారు. ఆ వారంలో బాయిలర్లు శుభ్రం చేసుకునేవారు, యంత్రాలు బాగుచేసుకునేవారు. ఒక్కో ఊరికి ఒక్కో వారం. బడి సెలవు కూడా ఆ వారానికే సర్దేవారు. అమ్మకీ నాన్నకీ పిల్లలకీ ఒకేసారి సెలవు! ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి వెళ్ళిపోయేది.

ఇందులో తిరకాసు లేకపోలేదు. ఆ వారానికి జీతం ఇచ్చేవారు కాదు. జీతంతో సెలవు అనే చట్టం ఇంగ్లండులో 1938కి గానీ రాలేదు. అందుకని ఏడాది పొడుగునా వారానికింత అని క్లబ్బుల్లో కట్టుకునేవారు. మన చీటీల్లాంటివే. బ్లాక్‌పూల్‌లో బస చేసే ఇంట్లో కూడా సరుకులు తల్లే కొని తేవాలి, వండి పెట్టడం మాత్రం ఇంటావిడది. ఏడాదికి ఒక్క వారం ఇంకొకరు వండింది తిన్న ఆ మిల్లు తల్లి మొహం ఎంత వెలిగి ఉంటుందో మనం ఊహించుకోగలం కదూ! ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో మిల్లులు మూతబడ్డాయి, బడులన్నిటికీ ఒకటే కేలండరు వచ్చింది, వేక్స్ వారాలు పోయాయి.

ఫ్రాన్సు కథ ఇంకో రకం. 1882 మార్చి 28న చేసిన చదువుల చట్టం బడిలోంచి మతబోధ తీసేసింది. ఎవరి మతం వాళ్ళు బయట నేర్పించుకోవడానికని ఆదివారం కాక వారంలో ఇంకో రోజు సెలవివ్వమంది. అది గురువారం అయింది. ఎన్నటికీ జరగని పనిని వాళ్ళు 'నాలుగు గురువారాల వారం'లో జరుగుతుందంటారు. మన పిల్లలైతే నాలుగు ఆదివారాలనేవారు. 1972లో గురువారం కాస్తా బుధవారం అయింది. మతబోధకి వెళ్ళే పిల్లలు తగ్గిపోయినా బుధవారం సెలవు మాత్రం పోలేదు. ఆ రోజు పిల్లల్ని ఎవరు చూడాలి? తల్లే. లక్షలమంది తల్లులు బుధవారం పని మానుకుని, ఆ మేరకు జీతం తగ్గించుకున్నారు. 2013లో ప్రభుత్వం బుధవారం పొద్దున్న కూడా బడి పెట్టింది. బుధవారాలు పనికి వెళ్ళే తల్లుల సంఖ్య పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కతీసి చూపించారు కూడా. అయినా 2017లో పాత పద్ధతికి పోవాలనుకున్న ఊళ్ళు పోవచ్చన్నారు, చాలా ఊళ్ళు పోయాయి. ఎప్పుడో పాఠశాలకీ చర్చికీ జరిగిన తగాదా బిల్లు ఆడవాళ్ళ జీతాల్లోంచి కడుతూ వచ్చారంటే తప్పేముంది?

మళ్ళీ మన ఇంటికి వద్దాం. మనకి వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. పిల్లలకి అలా గుర్తు. పెద్దవాళ్ళ వైపునుంచి చూస్తే అది కోడలికి దొరికిన ఒకే ఒక్క సెలవు. పిల్లల బడి మూస్తే తప్ప ఆవిడ పుట్టింటి గుమ్మం తొక్కే వీలుండేది కాదు. అక్కడా ఖాళీగా కూర్చోలేదనుకోండి. మామిడికాయ ముక్కలు కొట్టించడం, ఆవపిండి జల్లించడం, డాబా మీద వడియాలు పెట్టి పిల్లల్ని కాకులు తోలడానికి కూర్చోబెట్టడం... అయినా అమ్మ పక్కన చేసే పని వేరు, అత్తగారి కళ్ళెదుట చేసే పని వేరు. సెలవులు పూర్తిగా ఎత్తేద్దామనే వాళ్ళతో నేను ఏకీభవించలేనిది ఇక్కడే. వేసవిలో మామ్మ దగ్గర కథలు విన్న పిల్లలకి ఆ మాట తెలుసు.

కానీ ఇప్పుడు ఆ అమ్మమ్మ కూడా ఉద్యోగం చేసి ఉండొచ్చు, రిటైరు కాకపోయి ఉండొచ్చు. లెక్క చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలి. 220 అనుకుంటే మిగిలేవి 145. తల్లి ఆఫీసుకి ఆదివారాలు 52, పండుగలు ఓ ఇరవై, ఇ.ఎల్. ముప్ఫై వేసుకోండి, 102. ఆవిడకి ఏడాదంతా జ్వరం రాకుండా, చుట్టాల పెళ్ళికి వెళ్ళకుండా ఉన్నా 43 రోజులు తేడా. బట్టల షాపులో నిలబడే అమ్మాయికి ఇ.ఎల్. అనే మాటే తెలీదు. దీనికి తోడు మార్చి మధ్యనుంచి ఒంటిపూట బడులు! పన్నెండున్నరకల్లా పిల్లవాడు గుమ్మంలో ఉంటాడు.

చట్టాలు చూడలేదా అంటే చూశాయి, ఆరేళ్ళ దాకా. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళు పనిచేసే చోట క్రెష్ పెట్టమన్నది ఆరేళ్ళలోపు పిల్లలకే. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి యాభైమంది ఉన్న సంస్థలన్నిటిలో క్రెష్ ఉండాలన్నారు. మార్గదర్శకాల్లో మళ్ళీ ఆరేళ్ళే. ఏడో ఏడు వచ్చిన పిల్ల మే నెల మధ్యాహ్నం ఎక్కడుండాలో ఎవరూ రాయలేదు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే ఆడవాళ్ళకి 2008 నుంచి సర్వీసు మొత్తం మీద 730 రోజుల చైల్డ్ కేర్ లీవు వచ్చింది. మంచిదే. మిగతా కోట్లమంది మాటేమిటి? జపాన్‌లో 1960లలో మెడలో తాళంచెవి వేలాడేసుకుని ఒంటరిగా ఇల్లు చేరే పిల్లల్ని కగిక్కో అనేవారు, అంటే తాళంచెవి పిల్లలు. తల్లులు పోగై గొడవ చేసి, బడి అయ్యాక పిల్లలు ఉండే చోట్లు ఏర్పాటు చేయించుకున్నారు. 1997లో అవి చట్టంలోకి ఎక్కాయి. సెలవుల్లో కూడా అవి తెరిచే ఉంటాయి.

నన్నడిగితే మనకి కావలసింది అలాంటిదే. ఏప్రిల్, మే నెలల్లో పాఠాలు వద్దు. మన ఎండ లండన్ ఎండ కాదు, రేకుల షెడ్డు కింద ఎక్కాలు చెప్పించడం పాపం. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని ప్రభుత్వం ఏటా హెచ్చరిస్తున్నా దొంగచాటుగా పెట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. టీచర్ల సెలవు కొయ్యమనీ నేననను, వాళ్ళల్లో సగంమంది తల్లులే కదా. గది ఉంది, నీళ్ళున్నాయి, చెట్టునీడ ఉంది, పుస్తకాల బీరువా ఉంది. గేటు తాళం మాత్రం వేసి ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గేటు తెరిచి, ఆడించడానికీ కనిపెట్టుకుని ఉండడానికీ వేరే మనుషుల్ని జీతమిచ్చి పెడితే చాలు. ఖర్చవుతుంది. అవనీండి. ఇప్పటిదాకా ఆ ఖర్చు పెడుతున్నది తల్లులే, లాస్ ఆఫ్ పే రూపంలో.

గేటు తెరవడం మనకి కొత్తా కాదు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా బడి మధ్యాహ్న భోజనం పెట్టాల్సిందేనని ఆదేశించింది. పలకా బలపం లేకుండా, కంచం మాత్రం పట్టుకుని పిల్లలు బడికి రావచ్చన్నమాట. సెలవంటే కొందరికి మామిడిపండు, కొందరికి పస్తు అని కోర్టుకి అర్థమైంది.

ఆ భోజనం వండే ఆడవాళ్ళ మాట కూడా చెప్పాలి. వాళ్ళకి కేంద్రం లెక్కకట్టిన గౌరవవేతనం నెలకి 1000 రూపాయలు, రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. కేంద్రం ఆ వెయ్యి ఏడాదికి పది నెలలకే లెక్కకట్టింది. మిగతా రెండు నెలలూ బడికి సెలవు కదా!