సామాజిక మాధ్యమాలతో చదువు: పశ్చిమ ప్రకాశం నుంచి వచ్చే విశ్వవిద్యాలయ విద్యార్థుల వైఖరి

యూట్యూబ్, వాట్సాప్, టెలిగ్రామ్ వంటి మాధ్యమాలను పాఠాలు వినడానికి, నోట్సు పంచుకోవడానికి, సందేహాలు అడగడానికి వాడుకోవడంపై డిగ్రీ, పీజీ విద్యార్థులకుండే నమ్మకం, ఇష్టం, అనుమానం ఈ వ్యాస విషయం.

పశ్చిమ ప్రకాశంలోని కొనకనమిట్ల వర్షం మీద ఆధారపడే మెట్ట మండలం. పొదిలి, మార్కాపురం దీనికి దగ్గరి పట్టణాలు. విశ్వవిద్యాలయం మాత్రం ఒంగోలులో ఉంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు ఒంగోలు పీజీ కేంద్రమే తర్వాత ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమైంది. బస్సులో వచ్చిపోయే విద్యార్థికి కళాశాల గ్రంథాలయంలో కూర్చునే వ్యవధి తక్కువ. సాయంత్రం ఇంటికొచ్చాక చేతిలో ఉండేది ఫోనే.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకైంది. 2020 మార్చిలో కరోనా వల్ల కళాశాలలు మూతపడ్డాక వాట్సాప్ గ్రూపే తరగతి గదిగా మారింది. విద్యార్థులు ఈ మాధ్యమాల వైపు మొగ్గడానికి అంతకంటే లోతైన కారణం భాష. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. అంతకు ముందు సంవత్సరం మొదటి ఏడాదిలో తెలుగు మాధ్యమంలో చేరినవారు దాదాపు 66 వేల మంది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలకు ఆంగ్ల పాఠ్యపుస్తకం ఒక్కసారిగా గోడలా నిలబడింది. అదే పాఠాన్ని తెలుగులో విడమరచి చెప్పే వీడియో వారికి కాలక్షేపం కాదు, రెండో అధ్యాపకుడు. ఈ అవసరాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఇక్కడి విద్యార్థుల ఇష్టాన్ని ఫోను వ్యామోహమని కొట్టిపారేయడం అన్యాయం.

వైఖరిని కొలిచే పరిశోధకులు ఎక్కువగా ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన నమూనాను ఆధారం చేసుకుంటారు. ఒక సాధనం ఉపయోగపడుతుందని, వాడడం తేలికని అనిపిస్తే మనిషి దాన్ని స్వీకరిస్తాడని దాని సారం. బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల ఫేస్‌బుక్ గోడలను పరిశీలించిన నీల్ సెల్విన్‌కు 2009లో కనిపించింది వేరు: చదువు ముచ్చట్లు చాలా స్వల్పం, అవీ ఎక్కువగా పరీక్షల సమాచారం, పరస్పర ఓదార్పు. అక్కడి విద్యార్థులకు గ్రంథాలయం, అధ్యాపకుడు అందుబాటులో ఉన్నారు కాబట్టి ఆ ఫలితాన్ని మెట్ట పల్లెకు నేరుగా అన్వయించలేం.

అనుమానాలకూ ఆధారముంది. ఫేస్‌బుక్ వాడేవారికి సగటు మార్కులు తక్కువని 2010లో కిర్ష్నర్, కార్పిన్‌స్కీ అధ్యయనం చెప్పింది, అయితే ఫేస్‌బుక్కే కారణమని అది రుజువు చేయలేదు. టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లలో తప్పులుంటే సరిదిద్దేవారు ఉండరు. పరీక్షకు ముందు ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’ మాత్రమే చదివే అలవాటు సబ్జెక్టును కుదిస్తుంది.

ఆడపిల్లల విషయం వేరుగా చూడాలి. రాత్రిపూట ఫోను చేతిలో ఉంటే ఇంట్లో, హాస్టల్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను అప్పగించాలన్న నిబంధనను ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి తొలగించిన విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది.