ధర్మపురి నీరు – ఎముక – రక్తము

ధర్మపురికి పూర్వనామము తగడూరు. 1965లో సేలము నుండి వేరుపడి జిల్లాయైన ఈ ప్రాంతము, 2004లో దీనినుండి విడివడిన కృష్ణగిరితో కూడ, తెలుగు కుటుంబములు తరతరములుగా వసించు సీమ. ఇచటి రాతినేలలలో, ముఖ్యముగా లోతైన గొట్టపుబావులలో, పలుచోట్ల ఫ్లోరైడు మితిమీరి యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారిలో దంతములు గారపట్టును, వెన్ను బిగిసికొనును, కీళ్ళు వంగక మొరాయించును. నెల్లూరు జిల్లా పల్లెలలో 1937లో షార్ట్ మొదలగు వైద్యులు వర్ణించిన వ్యాధి యిదియే. దీని చరిత్రను వ్రాయువారు సాధారణముగా నీటితో ఆరంభించి నీటితోనే ముగింతురు. దేహములోపల జరుగు కథ అంతకంటె విచిత్రమైనది.

దేహాంతర్గత పరిసరము యొక్క స్థిరత్వమును 19వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ప్రతిపాదించెను. హార్వర్డు ఆచార్యుడు వాల్టర్ కానన్ 1926లో దానికి హోమియోస్టాసిస్ అని పేరిడెను. ఆ హార్వర్డు వైద్యకళాశాలలోనే, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కెతో కలసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఎముక కాల్షియము, భాస్వరముల కట్టడమే. కొలత లేనిదే సమత్వమను మాట ఊహగానే మిగులును గదా!

మెడయందు సాధారణముగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుండును. రక్తమున కాల్షియము తగ్గినంతనే ఇవి ఒక హార్మోనును విడుచును. అది ఎముకనుండి కాల్షియమును తీయించును, మూత్రమున పోనీయక నిలుపును, విటమిన్ డి ద్వారా ప్రేగులచే అధికముగా గ్రహింపజేయును. కాల్షియము పెరుగగానే గ్రంథులు శాంతించును. తొట్టి నిండగానే తానై మూసికొను కుళాయి వంటి ఈ ఏర్పాటును, అనగా ఫలితమే తన కారణమును అణచు పద్ధతిని, ఋణాత్మక ఫీడ్‌బ్యాక్ అందురు.

ఫ్లోరైడు ఈ కుళాయికి విశ్రాంతి లేకుండ చేయును. అది ఎముక స్ఫటికములలో చేరి, అక్రమముగా ఎముకను పెంచి, కాల్షియమును లాగికొనును. అట్టి స్ఫటికము సులభముగా కరగదు. ఆహారమున కాల్షియము కొరవడినచోట గ్రంథుల శ్రమ మరింత హెచ్చును. ఇట్టి రోగులలో గ్రంథుల అతిక్రియను తియోతియా పరిశోధకులు 1973లో వర్ణించిరి. ఆ యేడే కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ సీమలో మోకాళ్ళు లోనికి వంగిన యువజనులను గూర్చి ప్రకటించిరి. ఇంత జరిగినను రక్తపరీక్షలో కాల్షియము సరిగానే కనబడవచ్చును. ఆ అంకెను నిలుపుటకు ఎముక చెల్లించిన మూల్యము అందు కానరాదు. అంకె సరిగానున్నదని రోగిని ఇంటికి పంపు వైద్యుడు ఈ విషయము నెరిగియుండవలెను.

పటిక, సున్నములతో ఫ్లోరైడును తేర్చు నల్లగొండ పద్ధతి 1970ల నాటిది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనకల్ నుండి కావేరి నీటిని పంపు పథకమునకు జపాను ఋణసాయముతో 2008లో శంకుస్థాపన జరిగి, 2013లో ప్రారంభోత్సవము జరిగినది. అయినను ఎముకలో చేరిన ఫ్లోరైడు ఏండ్లకుగాని వెలువడదు. బిగిసిన వెన్నులు తిరిగి సడలుట అరుదు. దంతములు రూపొందు కాలము, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపు వయసు, బిడ్డలకు మిక్కిలి అపాయకరము. కుళాయి రాని దినములలో మరల గొట్టపుబావికే పోవు ఇండ్లలో, ముందుగా కావేరి నీటిని నిలువచేయవలసినది వారికొరకే.